హైవేకి పోతున్న భూమి: 3ఏ గెజిట్ వచ్చింది, పరిహారం సరిగ్గా రావాలంటే ఇప్పుడేం చేయాలి?

మామిడితోట_460 అడిగిన ప్రశ్న:

మా ఊరి మీదుగా కొత్త జాతీయ రహదారి పడుతోంది. వారం కిందట 3ఏ నోటిఫికేషన్ (రోడ్డు కోసం భూమి తీసుకుంటామనే తొలి ప్రకటన) గెజిట్‌లో వచ్చింది. నాన్నగారి పట్టా 4 ఎకరాల 60 సెంట్లు. అందులో 1 ఎకరం 85 సెంట్లు రోడ్డుకి పోతోంది. రోడ్డు చేను మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి తూర్పున 1 ఎకరం 95 సెంట్లు, పడమర 80 సెంట్ల ముక్కోణం ముక్క మిగులుతాయి. బోరు తూర్పు వైపు ఉంది. మొత్తం పదిహేనేళ్ల మామిడి. రికార్డులో మాత్రం ఇంకా మెట్ట అనే ఉంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో ఎకరం 9 లక్షలు. బయట 40 లక్షలకు తక్కువ ఎవరూ అమ్మడం లేదు. తెలిసినవాళ్లు చెప్పాల్సినవి మూడు. ఏ రేటు పట్టుకుని లెక్క కడతారు? మిగిలిన ముక్కలకు, అవతలి ముక్కకు ఆగిపోయే నీళ్లకు ఏమైనా ఇస్తారా? డబ్బు తీసుకుంటే తర్వాత ఎక్కువ అడిగే హక్కు పోతుందా?

---

గొలుసుకొలత:

రేటు సంగతి తర్వాత. మీ చేతిలో ఇప్పుడున్నది 21 రోజులు. జాతీయ రహదారుల చట్టం 3సీ ప్రకారం గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇప్పటికే వారం అయిపోయింది. ఇవ్వాల్సింది భూసేకరణ అధికారికి, అంటే మీ ప్రాంతానికి నియమించిన ఆర్డీవోకి గానీ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కి గానీ. రసీదు సంతకం, తేదీ ఉన్న కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఈ దశలో రేటు గురించి రాసినా వాళ్లు పట్టించుకోరు. విస్తీర్ణం, సర్వే నంబరు, భూమి రకం, పేరు తప్పులు మాత్రం ఇక్కడే పట్టుకోవాలి.

గెజిట్ హెక్టార్లలో ఉంటుంది. 1 హెక్టారు అంటే 2.471 ఎకరాలు. మీ 1.85 ఎకరాలు గెజిట్‌లో 0.7487 హెక్టార్లుగా కనపడాలి. అక్కడ 0.7187 అని పడిందనుకోండి, చూడ్డానికి ఒక్క అంకె తేడా, నేల మీద అది దాదాపు 7 సెంట్లకు పైనే. రాళ్లు పాతేటప్పుడు మాత్రం పూర్తి వెడల్పూ తీసుకుంటారు. గెజిట్‌లో లేని సెంట్లకు చెక్కు రాదు.

పక్కనే సబ్‌డివిజన్ చూడండి. 112/2ఏ మీది, 112/2బి పక్కవాళ్లది అయితే గెజిట్‌లో రెండూ కలిపి 112/2 అని వేసి ఉండొచ్చు. అలా ఉంటే డబ్బు పంచేటప్పుడు గొడవై కోర్టు డిపాజిట్‌కి పోతుంది. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) కాపీ తీసుకుని, జాయింట్ మెజర్‌మెంట్ సర్వే జరిగే రోజున అది చేత్తో పట్టుకుని పొలంలో నిలబడండి. సర్వేయరు గొలుసు ఎక్కడి నుంచి లాగుతున్నాడో చూడండి. మూల రాయి నుంచి కాకుండా ఇప్పుడున్న గట్టు నుంచి కొలిస్తే, గట్టు జరిగి ఉన్నచోట ఒకరి సెంట్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి.

పాస్‌పుస్తకం, 1బి, అడంగల్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) అన్నిటిలో నాన్నగారి పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి. తాతగారి పేరు మీద ఇంకా మ్యుటేషన్ కాని వాళ్లయితే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా ఇప్పుడే పెట్టుకోవాలి. అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) రోజున పరుగెత్తితే ఏదీ రాదు.

---

లెక్కల_మాస్టారు:

రేటు విషయానికి నేను వస్తాను. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 చట్టం కిందే అయినా, పరిహారం లెక్క మాత్రం 2013 భూసేకరణ చట్టం ప్రకారమే. 2015 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ఏడాది ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు కూడా అదే చెప్పింది. కాబట్టి ‘మాది వేరే చట్టం, సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు పరిహారం మీద అదనంగా ఇచ్చే మొత్తం) లేదు’ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. అంతకు ముందు హైవే భూములకు సొలేషియం, వడ్డీ ఎగ్గొట్టిన 3జే సెక్షన్‌ని కూడా ఆ మేరకు సుప్రీంకోర్టు 2019లో తర్సేమ్ సింగ్ కేసులో కొట్టేసింది.

2013 చట్టం 26వ సెక్షన్ చెప్పేది ఇది: రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి, చుట్టుపక్కల అలాంటి భూముల అమ్మకాల సగటు ఇంకొకటి, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఎవరూ సరిగ్గా చదవని ముక్క ఆ ‘సగటు’ దగ్గరుంది. సేకరణ ప్రతిపాదించిన సంవత్సరానికి ముందు మూడేళ్లలో రిజిస్టరైన అమ్మకాలన్నీ తీసి, ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులే తీసుకుని, వాటి సగటు కట్టాలి. అన్నిటి సగటు కాదు.

ఊహకు ఆరు దస్తావేజులు ఉన్నాయనుకుందాం. ఎకరానికి 9, 9.5, 10, 14, 18, 22 లక్షలు. అన్నిటి సగటు 13.75 లక్షలు. చట్టం చెప్పిన సగటు మాత్రం 14, 18, 22 మీద కట్టాలి, అది 18 లక్షలు. మీ 1.85 ఎకరాలకు ఈ రెండూ ఎక్కడ తేలతాయో చూడండి. గ్రామీణ ప్రాంతానికి గుణకం (మార్కెట్ విలువని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య) 1 నుంచి 2 మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, పట్టణంలో అయితే 1. ఇక్కడ 1.25 అనుకుందాం. చెట్లు, డ్రిప్, షెడ్డు కలిపి 7.50 లక్షలు అనుకుందాం. 3ఏ నుంచి అవార్డుకి 14 నెలలు పట్టిందనుకుందాం.

18 లక్షలతో: 18 × 1.25 × 1.85 = 41,62,500. ఆస్తుల 7,50,000 కలిపితే 49,12,500. దీనికి నూటికి నూరు సొలేషియం కలిస్తే 98,25,000. ఇక ఏడాదికి 12 శాతం అదనపు మొత్తం. ఇది సొలేషియం మీద రాదు, భూమి మార్కెట్ విలువ మీదే: గుణకం వేయని 18 × 1.85, అంటే 33,30,000 మీద 14 నెలలకు 4,66,200. మొత్తం 1,02,91,200.

13.75తో అదే లెక్క కడితే 82 లక్షల 15 వేల దగ్గర ఆగుతుంది. ఒట్టి 9 లక్షలతో కడితే 59 లక్షల లోపు. అంటే ‘పై సగం’ అన్న రెండు మాటలు వదిలేసినందుకే 20 లక్షలకు పైగా పోతాయి. రైతు ఒక్క దస్తావేజు కూడా ఫైల్లో పెట్టకపోతే 43 లక్షలు పోతాయి. అవార్డు కాపీ రాగానే ముందు చూడాల్సింది ఈ నాలుగు: పై సగం తీశారా, గుణకం వేశారా, సొలేషియం భూమికే కాకుండా చెట్లకు, కట్టడాలకు కూడా కలిపారా, 12 శాతం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కట్టారు. ఆ 12 శాతం అవార్డు రోజు వరకు, లేదా అంతకంటే ముందే స్వాధీనం తీసుకుంటే ఆ రోజు వరకు.

ధర చూసేది 3ఏ తేదీ నాటిది. అవార్డు ఏడాది తర్వాత వచ్చినా, ఈలోపు రేట్లు రెట్టింపైనా, తేదీ మారదు. రోడ్డు వస్తోందని తెలిశాక జరిగిన అమ్మకాలు చూపిస్తే పక్కన పడేస్తారు.

---

మామిడితోట_460:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. కానీ మా చుట్టుపక్కల అందరూ స్టాంపు డ్యూటీ తగ్గుతుందని 9, 10 లక్షలకే రిజిస్టర్ చేయించుకున్నారు. అసలు డబ్బు కాగితం మీద లేదు. అలాంటప్పుడు పై సగం తీసినా 10 దాటదు కదా?

---

దస్తావేజు_దారి:

ఎక్కువ ఊళ్లలో ఉన్న ఇబ్బందే ఇది. అయినా మూడేళ్ల రికార్డు మొత్తం జల్లెడ పడితే నిజమైన ధర రాసిన దస్తావేజులు నాలుగైనా దొరుకుతాయి. ఎవరివి రాస్తారో ఆలోచించండి. బ్యాంకు అప్పుతో కొన్నవాళ్లు పూర్తి ధర చూపించక తప్పదు. కంపెనీలు, ట్రస్టులు, సోలార్ ప్లాంటు వాళ్లు, గోదాముల వాళ్లు చెక్కుతోనే కొంటారు. విదేశాల్లో ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారానే పంపుతారు. బ్యాంకు వేలంలో కొన్న భూమికి సేల్ సర్టిఫికెట్ ఉంటుంది. మీకు కావాల్సినవి ఇవే.

వెతికే పద్ధతి చెప్తాను. గ్రామ నక్షా ముందు పెట్టుకుని మీ చేను చుట్టూ ఉన్న సర్వే నంబర్లన్నీ, ఆనుకుని ఉన్న పక్క గ్రామం నంబర్లు కూడా రాసుకోండి. చట్టం ‘దగ్గరి గ్రామం లేదా దగ్గరి పరిసరాలు’ అంటుంది కాబట్టి మీ ఊరి సరిహద్దు దగ్గర ఆగిపోనక్కర్లేదు. ఒక్కో నంబరుకి ఈసీ తీయండి. ఈసీలో విలువలు రెండు కనపడతాయి: ఒకటి మార్కెట్ విలువ, అంటే శాఖ లెక్క, రెండోది ప్రతిఫలం, అంటే కొన్నవాళ్లు రాసిన ధర. మీరు పట్టుకోవాల్సింది ప్రతిఫలం. దానాలు, సెటిల్‌మెంట్లు, భాగపంపకాలు వదిలేయండి, అవి అమ్మకాలు కావు. దస్తావేజు నంబరు, తేదీ, విస్తీర్ణం, ప్రతిఫలం, మీ చేనుకి దూరం, ఈ అయిదూ ఒక పట్టీగా రాసి, ఎక్కువ ధర ఉన్నవాటికి సర్టిఫైడ్ కాపీలు తీయండి. జిరాక్సులు పెడితే విలువుండదు.

తెలంగాణ వాళ్లకు ఒక మాట. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతున్నాయి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కచోటే వెతికి ‘ఏమీ లేవు’ అనుకోవద్దు.

అవతలివాళ్లు వేసే కొర్రీలు రెండు. గజాల లెక్కన అమ్మిన ప్లాటు దస్తావేజు పెడితే, అది చిన్న ముక్క, లేఅవుట్ ఖర్చు తీసేయాలి అని కోత వేస్తారు. అందుకే ఎకరాల్లో అమ్మినవి ముందు పెట్టండి, ప్లాటు దస్తావేజులు వెనక బలానికి ఉండనీయండి. రెండోది, మీరు పెట్టిన ఎక్కువ ధర ‘అసలు మార్కెట్‌ని చూపించడం లేదు’ అని తీసేయడం. 26వ సెక్షన్ కలెక్టర్‌కి ఆ అధికారం ఇచ్చింది. కానీ కారణం లేకుండా తీసేయడానికి కాదు. కొన్నది ఎవరు, డబ్బు ఎలా చేతులు మారింది అన్నది బ్యాంకు కాగితంతో చూపిస్తే ఆ మాట నిలబడదు. నిజాయితీగా జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్నదాన్నే పరిగణించాలని సుప్రీంకోర్టు 2012లో మెహ్రావాల్ ఖేవాజీ ట్రస్టు కేసులో చెప్పింది. అది పాత చట్టం కింద వచ్చిన తీర్పైనా వాదనలో పనికొస్తుంది.

ఇంకొకటి. సేకరణ మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతం రిజిస్ట్రేషన్ విలువల్ని ప్రస్తుత ధరలకు సవరించాలని 26వ సెక్షన్ కలెక్టర్‌నే ఆదేశిస్తోంది. మీ ఊరి విలువ చివరిసారి ఎప్పుడు మార్చారో సమాచార హక్కు కింద అడగండి. మార్చలేదని జవాబు వస్తే ఆ కాగితం మీ క్లెయిమ్‌కి జత చేయండి. ఊళ్లో పదిమంది కలిసి ఒకే పట్టీ, ఒకే కాపీల సెట్టు తయారుచేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. క్లెయిమ్ మాత్రం ఎవరికి వారు విడిగా సంతకం పెట్టి ఇవ్వాలి.

---

చెట్టు_చేను:

పరిహారం సగం పొలంలోనే తప్పుతుంది. మామిడి సంగతి చూద్దాం.

మీ రికార్డులో మెట్ట అని ఉంది. అలాగే వదిలేస్తే మెట్ట అమ్మకాలతో పోలుస్తారు, తోట అమ్మకాలతో కాదు. తోట అని చూపించే ఆధారాలు: బోరు కరెంటు సర్వీసు ఎప్పటి నుంచి ఉందో తెలిపే పాత బిల్లులు, డ్రిప్ సబ్సిడీ మంజూరు పత్రం, అడంగల్‌లో పంట కాలమ్, ఆంధ్రలో అయితే ఈ-క్రాప్ నమోదు. పదిహేనేళ్ల తోటకి ఇవన్నీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.

చెట్ల లెక్కకు ఉద్యాన శాఖ వాళ్లు, కలపకు అటవీ శాఖ, షెడ్లు ప్రహరీలకు ఆర్ అండ్ బీ ఇంజినీర్లు వస్తారు. బోరు, పైపులైను ఎవరు చూస్తారో ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఎక్కువసార్లు అవి ఎవరి పట్టీలోనూ పడవు. వాళ్లు రాకముందే చెట్లకి వరస నంబర్లు సున్నంతోనో పెయింటుతోనో వేయండి. ఒక్కో చెట్టుకి రకం, వయసు, నేల నుంచి కొంచెం పైన కాండం చుట్టుకొలత, కాపు స్థితి రాసుకోండి. మామిడికి విలువ కట్టేది వయసు, దిగుబడిని బట్టి. కాపుకొచ్చిన బంగినపల్లి చెట్టుని ‘చిన్న చెట్టు’ అని రాస్తే దాని విలువ పడిపోతుంది. ఆ కోత సొలేషియంలో మళ్లీ ఇంకోసారి పడుతుంది.

పంచనామా మీద సంతకం అడుగుతారు. లెక్క తప్పుంటే సంతకం మానేయడం కంటే, అదే కాగితం మీద మీ సంతకం పక్కన ‘నా లెక్క ప్రకారం కాపు చెట్లు ఇన్ని, డ్రిప్ లేటరల్స్ రాయలేదు, అభ్యంతరంతో సంతకం’ అని చేత్తో రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత అవార్డు మీద వివాదం వినే మధ్యవర్తి ముందు ఆ ఒక్క వాక్యం పనిచేసినంతగా పది పేజీల వాదన పనిచేయదు.

షెడ్డుకి ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ నిర్మాణ ధరల పట్టీ) రేటు పట్టుకుని, దాని వయసుకి తరుగుదల తీసేస్తారు. తరుగుదల ఎంత శాతం, ఏ ఆధారంతో అన్నది ఎస్టిమేట్ కాపీ తీసుకుని చూడండి. రేకులు, కిటికీలు, మోటారు లాంటివి మీరు విప్పుకుని తీసుకెళ్లొచ్చా, వాటికి కోత వేశారా అన్నది కూడా అందులో రాసి ఉండాలి.

ఇక మిగిలిన ముక్కలు. 1956 చట్టం 3జీలో స్పష్టంగా ఉంది: భూమి రెండుగా చీలడం వల్ల కలిగే నష్టం, మిగిలిన భూమికి జరిగే నష్టం కూడా పరిహారం లెక్కలోకి తీసుకోవాలి. కానీ ఎవరూ తమంతట తాము ఇవ్వరు. ‘నష్టం జరిగింది, న్యాయం చేయండి’ అని రాస్తే సున్నా. అంకెలతో రాయాలి. 80 సెంట్ల ముక్కోణానికి ట్రాక్టరు తిరగదు, నీళ్లు లేవు, దారి లేదు, కాబట్టి దాని విలువలో ఇంత శాతం పడిపోయింది అని రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక. పడమర ముక్కకి కొత్త బోరు, కేసింగు, మోటారు, కరెంటు సర్వీసు ఖర్చుకి కొటేషన్లు. తెగిన మెయిన్ పైపు మళ్లీ వేయడానికి కొలతలతో అంచనా. చుట్టూ తిరిగి వెళ్లాల్సిన దూరం కిలోమీటర్లలో, అండర్‌పాస్ ఎక్కడుందో గీసిన స్కెచ్‌తో.

డబ్బుతో పాటు ఇప్పుడే అడగాల్సింది ఇంకొకటుంది. మీ బోరు నీళ్లు అవతలికి వెళ్లడానికి రోడ్డు కింద ఒక కేసింగు పైపు. కట్ట పోయకముందు అయితే హ్యూమ్ పైపు ఒకటి అడ్డంగా పరిచేస్తే అయిపోతుంది. కట్ట లేచి తారు పడ్డాక అదే పనికి కింద నుంచి అడ్డంగా డ్రిల్లింగ్ చేయాలి, అనుమతులు తేవాలి, ఖర్చు రైతు భరించలేనంత అవుతుంది. ప్రాజెక్టు డైరెక్టర్‌కి చైనేజీ (రోడ్డు మొదటి నుంచి దూరాన్ని బట్టి ఆ చోటుని చూపే) నంబరు వేసి ఇప్పుడే ఉత్తరం ఇవ్వండి. చైనేజీ ఎంతో సర్వే బృందం చెప్తుంది. వాన నీళ్లు ఎటు పారుతాయో కూడా అందులో రాయండి. కట్ట అడ్డమై తోటలో నీళ్లు నిలిస్తే రెండేళ్లలో మామిడి వేళ్లు కుళ్లిపోతాయి.

---

వాయిదా_గడువు:

మూడో ప్రశ్నకు జవాబు. డబ్బు తీసుకోండి. ఎక్కువ అడిగే హక్కు పోదు, కానీ తీసుకునే పద్ధతి ఉంది.

క్రమం ఇది. అభ్యంతరాలు తేలాక 3డీ ప్రకటన వస్తుంది. 3ఏ నుంచి ఏడాదిలోపు 3డీ రాకపోతే 3ఏ రద్దయిపోతుంది (కోర్టు స్టే ఉన్న కాలం లెక్కలోకి రాదు). 3డీ వచ్చిన క్షణం భూమి కేంద్రానికి చెందిపోతుంది, అన్ని భారాలూ తొలగిపోయి. ఆ తర్వాత 3జీ కింద క్లెయిములు పిలుస్తూ రెండు దినపత్రికల్లో ప్రకటన వేస్తారు, ఒకటి స్థానిక భాషలో. మీ దస్తావేజుల పట్టీ, చెట్ల లెక్క, చీలిక నష్టం అన్నీ ఫైల్లో పడాల్సింది ఇక్కడ. నోటీసు ఇంటికి రాలేదని కూర్చోవద్దు, పేపరు ప్రకటన చాలు అంటారు. క్లెయిమ్ కాగితం చివర జత చేసిన పత్రాల జాబితా వేసి, ప్రతి పేజీకి నంబరు వేసి, రసీదు తీసుకోండి.

అవార్డు నచ్చకపోతే 3జీ(5) కింద కేంద్రం నియమించిన మధ్యవర్తికి దరఖాస్తు. చాలా జిల్లాల్లో అది కలెక్టరే. డబ్బు తీసుకునేటప్పుడు వోచరు మీద, విడిగా ఒక ఉత్తరంలో కూడా ‘మొత్తం సరిపోదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయండి. 2013 చట్టం కింద నేరుగా తీసుకున్న భూముల్లో ఇది ప్రాణం లాంటిది: అభ్యంతరం రాయకుండా తీసుకున్నవాళ్లకు రిఫరెన్స్ (పరిహారం పెంచమని కేసుని పైకి పంపమనడం) అడిగే హక్కు ఉండదని 77వ సెక్షన్‌లోనే ఉంది. హైవే చట్టంలో ఆ మాట లేకపోయినా రాయడం వల్ల పోయేదేమీ లేదు. డబ్బు వద్దని మొండికేస్తే మాత్రం మీకే నష్టం. వాళ్లు డిపాజిట్ చేసి, 60 రోజుల నోటీసుతో స్వాధీనం తీసుకుంటారు.

మధ్యవర్తి పెంచితే, పెరిగిన మొత్తం మీద స్వాధీనం తీసుకున్న రోజు నుంచి ఏడాదికి 9 శాతం వడ్డీ 3హెచ్(5) ఇస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మధ్యవర్తి ఇచ్చిన అవార్డు కూడా తక్కువ అనిపిస్తే మిగిలేది ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద జిల్లా కోర్టు. గడువు 3 నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, అంతే. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా కోర్టు తీసుకోదు. పైగా ఆ కోర్టు రేటు పెంచదు. అవార్డుని రద్దు చేయగలదు గానీ కొత్త రేటు రాయలేదని హకీమ్ కేసులో సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. 2025 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనం కొన్ని పరిమిత సందర్భాల్లో సవరించవచ్చని ఒప్పుకుంది, కానీ సాక్ష్యాలు మళ్లీ తూచి ఎకరం ధర పెంచడం అందులోకి రాదు. పాత భూసేకరణ కేసుల్లోలాగా ‘పైకోర్టులో చూసుకుందాం’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. సర్టిఫైడ్ కాపీలు, వాల్యూయర్ నివేదిక, పంచనామా ఫొటోలు అన్నీ మధ్యవర్తి ముందే పడాలి. కారణాలు రాయకుండా అంకె మాత్రం రాసిన అవార్డు అయితే 34 కింద రద్దవడానికి ఆస్కారం ఎక్కువ, అందుకే ప్రతి డిమాండునీ విడి పేరాగా అడగండి. అప్పుడు జవాబు చెప్పని పేరా ఏదో తేలిగ్గా చూపించవచ్చు.

---

కాలువగట్టు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాది హైవే కాదు, రాష్ట్ర ప్రభుత్వం కాలువ కోసం తీసుకుంటోంది. ఒప్పందం మీద సంతకం పెడితే ఎకరానికి ఇంత అని ఒకే మొత్తం ఇస్తామంటున్నారు. మాలో కొందరిది అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి, కొందరు కౌలు. వాళ్ల సంగతి ఏమిటి?

---

వాయిదా_గడువు:

ఒప్పందం మీద సంతకం పెడితే తర్వాత పెంచమని అడగడానికి దారి దాదాపు మూసుకుపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ కేంద్ర చట్టానికి సవరణలు తెచ్చుకున్నాయి కాబట్టి ఆ పద్ధతి చట్టబద్ధమే. సంతకానికి ముందు పైన లెక్కల మాస్టారు గారు చూపించిన పద్ధతిలో మీ భూమికి కట్టుకుని, వాళ్లిచ్చే అంకెతో పోల్చండి. వాళ్ల అంకెలో చెట్లు, బోర్లు, పునరావాసం కలిసి ఉన్నాయా, విడిగా ఇస్తారా అన్నది ఒప్పంద పత్రంలోనే రాయించండి. నోటిమాట లెక్కలోకి రాదు.

సంతకం పెట్టకపోతే 2013 చట్టం మామూలు దారి. 11వ సెక్షన్ నోటిఫికేషన్, 60 రోజుల అభ్యంతరాలు, 19 కింద ప్రకటన, ఆ ప్రకటన నుంచి 12 నెలల్లో అవార్డు. రిఫరెన్స్ గడువు బాగా గుర్తుపెట్టుకోండి: అవార్డు ఇచ్చేటప్పుడు మీరు గానీ మీ తరఫు మనిషి గానీ అక్కడుంటే ఆ రోజు నుంచి 6 వారాలే. గడువు దాటితే సరైన కారణం చూపించి ఇంకో ఏడాదిలోపు అడిగే వీలుంది గానీ దాని మీద ఆధారపడొద్దు. పక్క రైతు కేసు గెలిస్తే, అదే నోటిఫికేషన్ కింద భూమి పోయి, తాను రిఫరెన్స్ అడగని రైతుకి కూడా 73వ సెక్షన్ దారి చూపిస్తుంది. ఆ తీర్పు వచ్చిన 3 నెలల్లోపు కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టాలి. ఊళ్లో ఎవరి కేసు ఏ దశలో ఉందో ఒకరు రాసి పెట్టుకోవాలి.

అసైన్డ్ భూమి అని సగం ధర ఇస్తామంటే ఒప్పుకోవద్దు. పట్టాదారులతో సమానంగా మార్కెట్ విలువ, సొలేషియం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో చెప్పింది.

కౌలు రైతుకి భూమి ధర రాదు. కానీ సేకరణకి ముందు మూడేళ్లుగా ఆ భూమే ప్రధాన జీవనాధారమైతే అతను ‘ప్రభావిత కుటుంబం’ కిందికి వస్తాడు, పునరావాస ప్యాకేజీకి అర్హుడు. రెండో షెడ్యూల్లో ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకి 2,000కు తగ్గని యాన్యుటీ, వీటిలో ఒకటి ఎంచుకునే అవకాశం ఉంది. పశువులున్న కుటుంబానికి కొట్టం కట్టుకోవడానికి కనీసం 25,000. కౌలు కార్డు, పంట రుణం కాగితం, పంట అమ్మిన రసీదులు, వీటిలో ఏవి ఉంటే అవి పెట్టాలి. ఏ కాగితమూ లేని కౌలు రైతుల పేర్లు సర్వే రోజునే జాబితాలో రాయించండి. భూమి యజమానే పక్కన నిలబడి చెప్తే పేరు పడుతుంది, ఆయన పరిహారంలోంచి ఒక్క రూపాయి తగ్గదు. ఈ మాట యజమానులకు అర్థమయ్యేలా చెప్పండి, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది నోరు విప్పరు.

---

లెక్కల_మాస్టారు:

పన్ను గురించి ఎవరూ అడగలేదు గానీ చెక్కు వచ్చాక అందరూ అడిగేది అదే. 2013 చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు మీద ఆదాయపు పన్ను లేదు. వ్యవసాయేతర భూమి అయినా లేదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016లో 36వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది. హైవే అవార్డు అయితే, పరిహారం 2013 చట్టం మొదటి షెడ్యూల్ ప్రకారం కట్టినట్టు అవార్డు కాపీలో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయమని అడగండి. టీడీఎస్ కోసేస్తే డబ్బు పోయినట్టు కాదు, ఆ ఏడాది రిటర్ను వేసి వాపసు అడగాలి. అందుకే నాన్నగారి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. ఉమ్మడి ఖాతా ఇవ్వొద్దు, అవార్డులో ఎవరి పేరుందో వాళ్ల సొంత ఖాతాయే ఇవ్వండి.

---

మామిడితోట_460:

అందరికీ కృతజ్ఞతలు. గెజిట్ మళ్లీ చూశాను. మా నంబరుకి 0.7187 అనే ఉంది, భూమి రకం మెట్ట. రేపే ఎఫ్‌ఎంబీ కాపీకి దరఖాస్తు పెట్టి అభ్యంతరం రాస్తాను. విస్తీర్ణం, భూమి రకం రెండూ ఒకే అర్జీలో రాయొచ్చా?

---

గొలుసుకొలత:

రాయొచ్చు, ఒకే అర్జీలో రెండు వేర్వేరు అంశాలుగా. విస్తీర్ణానికి ఎఫ్‌ఎంబీ కాపీ, పాస్‌పుస్తకం. భూమి రకానికి కరెంటు బిల్లు, అడంగల్, డ్రిప్ పత్రం. ఎఫ్‌ఎంబీ రావడం ఆలస్యమైతే ఆగొద్దు, ‘కాపీకి దరఖాస్తు చేశాను, రాగానే సమర్పిస్తాను’ అని రాసి, ఆ దరఖాస్తు రసీదు జత చేసి 21 రోజుల్లోపు ఇచ్చేయండి. వ్యక్తిగతంగా విచారణ కావాలని చివర్లో ఒక వాక్యం తప్పకుండా చేర్చండి. 3సీ ఆ అవకాశం ఇస్తుంది, వకీలుని పెట్టుకుని కూడా వెళ్లొచ్చు. విచారణ రోజున సర్వేయరుని కూడా పిలిపించమని అడగండి, కొలత తేడా అక్కడికక్కడే తేలుతుంది.